పన్ను పెంచలేదు సరే, మరి ఆ బిల్లు ఎవరింటికెళ్ళింది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఎలక్షన్ గోలే. గ్రీన్‌కార్డు ప్రశ్నలూ మోకాళ్ళ నొప్పుల ప్రశ్నలూ పంపినవాళ్ళు ఏమీ అనుకోకండి, వచ్చే నెల పేజీ మొత్తం మీదే.

ప్రశ్న (ఇర్వింగ్ నుంచి ఒక పాఠకురాలు): మాస్టారూ నమస్తే. ఎలక్షన్ సీజన్ వచ్చిందంటే చాలు మా మెయిల్‌బాక్స్ నిండా రంగురంగుల అట్టలే. ఒకదాంట్లో ఫలానా స్టేట్ రెప్ (మన ఎమ్మెల్యే లాంటివాళ్ళు) ఒక్క పైసా టాక్స్ పెంచలేదు అని ఉంటుంది, మర్నాడు వచ్చే అట్టలో అదే మనిషి పిల్లల వైద్యం ఊడగొట్టిందని ఏడుస్తున్న పాప ఫొటో వేసి ఉంటుంది. మా ఆయన రెండూ అబద్ధాలే పడెయ్ అంటారు. ఇందులో ఏది నిజమో తెలుసుకునే దారి ఏమన్నా ఉందా?

జవాబు: అమ్మా, మీ ఆయనకి చెప్పండి, చాలాసార్లు రెండూ నిజాలే అయి ఉంటాయి, అదే అసలు చిక్కు. ఇప్పటి వాళ్ళ పేరెత్తితే రేపు గుళ్ళో ప్రసాదం లైన్లో నన్ను నిలబెట్టి కడిగేస్తారు కాబట్టి ఒక పాత సంగతి చెప్తాను, మన టెక్సాస్‌దే.

డాలస్‌కి నైరుతిలో, ఫోర్ట్‌వర్త్ దాటాక బర్ల్‌సన్ అని ఊరుంది కదా, అక్కణ్ణించి ఆర్లీన్ వోల్‌గెమత్ అని రిపబ్లికన్ ఆవిడ పదేళ్ళు స్టేట్ హౌస్‌లో ఉన్నారు. రూల్స్ పుస్తకం కంఠతా పట్టిన మనిషి. 1997లో తమకి కావలసిన బిల్లు ఒకటి అవతలివాళ్ళు చంపేశారన్న కోపంతో ఒక్క పాయింట్ ఆఫ్ ఆర్డర్, అంటే రూల్ తప్పారన్న అభ్యంతరం, లేపి దెబ్బకి 50కి పైగా బిల్లుల్ని మట్టి కరిపించింది, రాజధాని ఆస్టిన్‌లో దానికి మెమోరియల్ డే మాసాకర్ అని పేరే పెట్టేశారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఆవిడ తెలీక చేసిన మనిషి కాదు, పేపర్లో ఏ లైను ఏం చేస్తుందో బాగా తెలిసిన మనిషి.

2003 జనవరిలో సెషన్ మొదలయ్యేసరికి రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే కంప్ట్రోలర్ గారు ఖజానాలో 9.9 బిలియన్ డాలర్ల లోటు అని చల్లగా చెప్పారు. టెక్సాస్‌లో బడ్జెట్ రెండేళ్ళకోసారి వేస్తారు, అప్పు చేసి పప్పుకూడు తినడానికి రాజ్యాంగం ఒప్పుకోదు, వచ్చే ఆదాయానికి లోబడే ఖర్చు రాయాలి. పైగా 2002 ఎలక్షన్లో నూట ముప్ఫై ఏళ్ళ తర్వాత మొదటిసారి హౌస్ రిపబ్లికన్ల చేతికొచ్చింది, టామ్ క్రాడిక్ స్పీకరు, రిక్ పెర్రీ గవర్నరు, అందరిదీ ఒకటే మాట, కొత్త పన్నులు వెయ్యం. వెయ్యకపోతే కొయ్యాలి కదా, ఎక్కడ కొయ్యాలి అన్నప్పుడు వచ్చిన బిల్లే హెచ్‌బీ (హౌస్ బిల్లు) 2292, దాన్ని రాసింది మన వోల్‌గెమత్ గారు. ఓటేసి ఊరుకోవడం కాదండీ, బిల్లు మీద రచయితగా ఆవిడ పేరే ఉంది.

ఆ బిల్లు ఆరోగ్యం, సంక్షేమం చూసే 12 ఏజెన్సీలని కలిపి నాలుగైదుకి కుదించింది. ఇంతవరకూ నాకు పెద్ద పేచీ లేదు, ఒక సంతకం కోసం నాలుగు ఆఫీసులు తిరిగినవాడికి తెలుస్తుంది ఆ బాధ. పేచీ అంతా చిప్ దగ్గర. చిప్ అంటే చిల్డ్రన్స్ హెల్త్ ఇన్సూరెన్స్ ప్రోగ్రామ్, 1997లో ఫెడరల్ ప్రభుత్వం పెట్టింది, పేదలకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్ మెడికెయిడ్‌కి పనికిరానంత సంపాదన, ఇన్సూరెన్స్ కొనుక్కోలేనంత సంపాదన, ఈ రెంటికీ మధ్యలో నలిగిపోయే ఇళ్ళల్లోని పిల్లలకి. ఖర్చులో పెద్ద వాటా వాషింగ్టన్‌దే, టెక్సాస్ ఒక డాలర్ పెడితే అటునుంచి రెండున్నర దాకా వచ్చేది.

హెచ్‌బీ 2292తో అప్పటిదాకా ఒకసారి కార్డు ఇస్తే 12 నెలలు చెల్లేది కాస్తా 6 నెలలకి వచ్చింది. కొత్తగా చేరేవాళ్ళకి 90 రోజులు ఆగమన్నారు. నెలనెలా కట్టే ఫీజులు పెరిగాయి. ఆదాయం కాస్త ఎక్కువున్న కుటుంబాలకైతే బ్యాంకులో ఎంతుంది, వాకిట్లో కారు ఎంత చేస్తుంది అని కూడా లెక్క చూడటం మొదలెట్టారు, మనవైపు తెల్లకార్డుకి ఇంట్లో ఫ్రిజ్ ఉందా స్కూటర్ ఉందా అని చూసినట్టే అనుకోండి. పళ్ళకీ కళ్ళజోళ్ళకీ కవరేజీ తీసేశారు. 2003 సెప్టెంబరులో 5 లక్షలకి పైగా ఉన్న పిల్లలు మూడేళ్ళు తిరిగేసరికి సుమారు 3 లక్షలకి పడిపోయారు. మనం వాడుకోని ఫెడరల్ డబ్బేమో చక్కగా వేరే రాష్ట్రాలకి పోయింది.

ఒకటి గమనించారా, ఎక్కడా "ఈ పిల్లాడికి వైద్యం ఇవ్వం" అని రాయలేదు. కాయితం ఆరు నెలలకోసారి నింపమన్నారు, అంతే. అది చాలు. అప్పట్లో మా ఇంటి దగ్గర గ్యాస్ స్టేషన్‌లో మనవాళ్ళబ్బాయి ఒకడు రాత్రి షిఫ్ట్ చేసేవాడు, వాళ్ళ బాబుకి ఆరేళ్ళు, మాటిమాటికీ చెవిపోటు. వీళ్ళు అపార్ట్‌మెంట్ మారారు, రిన్యువల్ కవరు పాత అడ్రసుకి పోయింది, అక్కడ కొత్తగా దిగినవాళ్ళు దాన్ని పిజ్జా కూపన్లతో కలిపి చెత్తలో వేసుంటారు. కార్డు చెల్లదన్న సంగతి వీడికి డాక్టరు కౌంటర్ దగ్గర తెలిసింది. జేబులో ఉన్న ఐదు డాలర్ల నోట్లు మడతలు విప్పి ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టాడట, తర్వాత మళ్ళీ చూపించమన్న తేదీకి వెళ్ళలేదు, డబ్బు చూసుకుని వెళ్దాం అనుకున్నాడు. రెండు వారాలకి అర్ధరాత్రి పిల్లాడికి చీము కారి జ్వరమొచ్చి ఎమర్జెన్సీకి పరుగు. వాడి తప్పా అంటే వాడి తప్పే, అడ్రసు మార్చుకోవాలి. కానీ ఏడాదికోసారి జరగాల్సిన తప్పుకి రెండుసార్లు అవకాశం ఇచ్చింది మాత్రం ఆ బిల్లే.

ఇప్పుడు మీ మొదటి అట్ట దగ్గరికి వద్దాం. పన్ను పెంచలేదు, నిజమే. ఆ ఎమర్జెన్సీ బిల్లు ఎవరు కట్టారు మరి? మీది ఇర్వింగ్ అన్నారు కాబట్టి డాలస్ కౌంటీ. అక్టోబరు, నవంబరుల్లో వచ్చే ప్రాపర్టీ టాక్స్ బిల్లు తియ్యండి, అందులో సిటీ, ఐఎస్‌డీ (స్కూల్ డిస్ట్రిక్ట్), కౌంటీ, డాలస్ కాలేజీ లైన్లతో పాటు పార్క్‌లాండ్ హాస్పిటల్ అని ఒక లైను ఉంటుంది, చాలామంది ఆ లైను దాటేసి కింద టోటల్ చూసి గుండె పట్టుకుంటారు. అది కౌంటీ హాస్పిటల్ డిస్ట్రిక్ట్‌కి మనం కట్టే పన్ను, ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి వైద్యం చేసే భారం అక్కడికి వెళ్తుంది. ఆస్టిన్‌లో దించిన బరువు గాల్లో కలిసిపోదమ్మా, మీ ఇంటి పన్ను మీద వచ్చి కూర్చుంటుంది. అదే 2003 సెషన్‌లో యూనివర్సిటీ ట్యూషన్ ఎంతుండాలో తాము చెప్పడం మానేసి ఆ పెత్తనం యూనివర్సిటీ బోర్డులకే వదిలేసింది అదే సభ. ఆ తర్వాత యూటీ, ఏ అండ్ ఎం ఫీజులు ఎక్కడికి పోయాయో పిల్లల్ని చదివించినవాళ్ళని అడగండి. అదీ పన్ను కాదు మరి.

ఆవిడ వైపు మాట కూడా చెప్పాలి కదా. లోటు నిజంగానే ఉంది, కల్పించింది కాదు. పన్నులు వెయ్యమని చెప్పి గెలిచారు, గెలిచాక ఆ మాట మీదే నిలబడ్డారు, ఆ మాత్రం నిలబడేవాళ్ళే తక్కువ. ఆస్తులున్న ఇంటికి ప్రభుత్వ సాయం ఎందుకు అన్న ప్రశ్న కూడా అన్యాయమైందేం కాదు. నా అభ్యంతరం అల్లా, పిండి తక్కువైనప్పుడు రొట్టె చిన్నది చెయ్యొచ్చు గానీ ముందు పిల్లాడి కంచంలోంచి తియ్యడమేంటి, అదీ ఒక రూపాయి మిగిల్చుకోడానికి ఇంకొకడిచ్చే రెండున్నర వదులుకుని మరీ!

ప్రశ్న (మెకిన్నీ నుంచి): గురువుగారూ, పోయినసారి ఫోన్లో ఈ వోల్‌గెమత్ కథ సగం చెప్పి ఆపేశారు. తర్వాత ఆవిడ ఏమైంది, గెలిచిందా ఓడిందా?

జవాబు: సస్పెన్స్ అని కాదు నాయనా, మా ఆవిడ భోజనానికి పిలిచింది. 2003లోనే అమెరికా కాంగ్రెస్ (వాషింగ్టన్ పార్లమెంటు) సీట్ల హద్దులు మళ్ళీ గీశారు కదా, అది ఆపడానికి 50 మందికి పైగా డెమొక్రాట్లు మే నెలలో సరిహద్దు దాటి ఓక్లహోమాలో ఆర్డ్‌మోర్ అనే ఊళ్ళో హోటల్లో కూర్చున్నారు, కోరం లేక సభ ఆగిపోయింది, అయినా చివరికి స్పెషల్ సెషన్లు పెట్టి గీసేశారు. అలా గీసిన 17వ నియోజకవర్గంలో వేకో, కాలేజ్ స్టేషన్, అప్పటి ప్రెసిడెంట్ బుష్ గారి రాంచ్ ఉన్న క్రాఫర్డ్ అన్నీ ఉన్నాయి. రిపబ్లికన్‌కి వడ్డించిన విస్తరి. 2004లో వోల్‌గెమత్ అక్కడ పోటీకి దిగారు, ఎదురు చెట్ ఎడ్వర్డ్స్ అని అప్పటికే కాంగ్రెస్‌లో ఉన్న డెమొక్రాట్.

ఎడ్వర్డ్స్ చేసిన పనల్లా ఆ చిప్ కోతని ఎత్తి పట్టుకోవడమే, టీవీ పెడితే అదే. అదే ఓటర్లు, అదే రోజు, ప్రెసిడెంట్ పదవికి బుష్‌కి కుప్పలుతెప్పలుగా ఓట్లేసి కింద ఎడ్వర్డ్స్ పేరు దగ్గరా గుర్తు పెట్టారు. ఆయనకి 51 శాతం, ఆవిడకి 47. ఆ కొత్త హద్దులతో ఇబ్బందిపడ్డ డెమొక్రాట్ కాంగ్రెస్ సభ్యులు ఫ్రాస్ట్, స్టెన్‌హోమ్, లాంప్సన్, శాండ్లిన్ అందరూ ఓడిపోయారు, ఈయన మాత్రం బయటపడ్డాడు, 2010 దాకా ఉన్నాడు. చిప్ ఒక్కటే కారణమా అంటే నేను ఒట్టేసి చెప్పలేను, ఆయనకి సొంత పలుకుబడి కూడా ఉంది. అయితే 2005లో సభ మళ్ళీ కూర్చున్నప్పుడు పళ్ళూ కళ్ళజోళ్ళూ తిరిగి ఇచ్చేశారు, 2007లో హ్యూస్టన్ రెప్ సిల్వెస్టర్ టర్నర్ రాసిన హెచ్‌బీ 109తో 12 నెలల కార్డు కూడా వెనక్కి వచ్చింది. అంటే అవతలి పార్టీ రెప్ తెచ్చిన దాన్ని అదే రిపబ్లికన్ సభ పాస్ చేసింది, అదే పెర్రీ సంతకం పెట్టాడు. రాజకీయ నాయకులకి చెవులు లేవని ఎవరన్నారు, ఎలక్షన్ రిజల్ట్ బాగానే వినిపిస్తుంది వాళ్ళకి.

ప్రశ్న (కొప్పెల్ నుంచి ఒక పాఠకుడు): ఇరవై ఏళ్ళ నాటి పురాణాలు బానే ఉంటాయి సార్. ఇప్పటి మా రెప్ రికార్డు చూడాలంటే ఎక్కడ చూడాలి? గూగుల్ చేస్తే ఒక సంస్థ ఆయనకి ఎ ప్లస్ ఇచ్చింది, ఇంకోటి ఎఫ్ ఇచ్చింది. తల తిరుగుతోంది.

జవాబు: ఆ గ్రేడ్లు ఇచ్చేవాళ్ళు వందల ఓట్లలో తమకి నచ్చిన పదో ఇరవయ్యో ఏరుకుని మార్కులేస్తారు, ఏవి ఏరారో ముందు చూడండి, అప్పుడు తల తిరగదు. అసలు సరుకు టెక్సాస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్ అనే ప్రభుత్వ సైట్లో ఉంది, ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. సెషన్ ఎంచుకుని రెప్ పేరు కొడితే ఆయన రాసిన బిల్లులు, చేతులు కలిపిన బిల్లులు విడివిడిగా వస్తాయి. ఈ తేడా ముఖ్యం, కో-ఆథర్ అంటే పెళ్ళి శుభలేఖలో కింద బంధుమిత్రుల అభినందనలతో లాంటిది, పెద్ద ఖర్చు లేని పని. బిల్లు రాసి, కమిటీలో హియరింగ్ తెప్పించుకుని, ఫ్లోర్ మీదకి తెచ్చిన మనిషే పని చేసినట్టు.

తర్వాత సభలో రోజూ జరిగింది రాసే హౌస్ జర్నల్ తెరిచి బిల్లు మీద వచ్చిన సవరణల ఓట్లు చూడండి, ఫైనల్ ఓటు కాదు. ఫైనల్ ఓటుకి వచ్చేసరికి చాలా బిల్లులు 140కి 5 అలా పాసైపోతాయి, ఎవడి రంగు ఏంటో తెలీదు. మధ్యలో ఎవరో లేచి పిల్లల కోసం ఫలానా డబ్బు అటునుంచి ఇటు మార్చండి అని సవరణ పెడతారు, దాన్ని పక్కన పెట్టడానికి "టేబుల్ చెయ్యి" అని మోషన్ వస్తుంది, అసలు మొహం అక్కడ కనిపిస్తుంది. పూర్వం చాలా ఓట్లు నోటితో అవునంటే అవును కాదంటే కాదు అనేసి గండం గట్టెక్కేవారు, ఎవరేమన్నారో రాత ఉండేది కాదు, 2007 నవంబరులో జనం ఓటేసి రాజ్యాంగం సవరించాక ఫైనల్ పాసేజీకి పేరుపేరునా రికార్డు తప్పనిసరైంది.

ఇంకోటి, వీళ్ళ సభ బేసి సంవత్సరాల్లో 140 రోజులే కూర్చుంటుంది, జీతం నెలకి 600 డాలర్లు, అవును మీరు చదివింది కరెక్టే, కాబట్టి మిగతా రోజుల్లో ఆయన ఏ పని చేసి బతుకుతున్నారో అది కూడా రికార్డులో భాగమే అనుకోండి.

ప్రశ్న (ఫ్రిస్కో నుంచి, హెచ్-1బీ మీద ఉన్న పాఠకుడు): అన్నగారూ, నాకు ఓటే లేదు, ఇదంతా నాకెందుకు?

జవాబు: తమ్ముడూ, ఇల్లు కొన్నావా? పిల్లలు పబ్లిక్ స్కూల్లో ఉన్నారా? ఇంకెందుకంటావేంటి. ఓటు లేకపోయినా క్యాపిటల్లో కమిటీ హియరింగుకి వెళ్ళి పేరు నమోదు చేసుకుని రెండు మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. ఒకసారి వెళ్ళాను నేను, పొద్దున్న పదికి పేరిస్తే పిలుపొచ్చేసరికి రాత్రి పదిన్నర, పులిహోర డబ్బా ఖాళీ అయిపోయింది, ఎదురుగా కమిటీ కుర్చీల్లో సగం ఖాళీ, ఉన్నవాళ్ళలో ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. నా పక్కన కూర్చున్న నర్సు మాత్రం తన వంతు వచ్చినప్పుడు కాయితం చూడకుండా మాట్లాడింది, ఫోన్ చూసుకునే ఆయన తలెత్తాడు. పులిహోర రెండు డబ్బాలు పట్టుకెళ్ళు.

ప్రశ్న (గుంటూరు నుంచి, అమ్మాయి దగ్గరికి వచ్చి వెళ్ళిన ఒక రిటైర్డ్ టీచర్): అయ్యా, మన ఎమ్మెల్యేలకి కూడా ఇలాంటి రికార్డు చూసుకునే వీలుందా? ఆరోగ్యశ్రీ మేమే తెచ్చాం అని ప్రతివాడూ ఫ్లెక్సీ కడుతున్నాడు.

జవాబు: టీచర్ గారూ, మన దగ్గర చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే పోతాయి, ఎవరు ఎటో రాత ఉండదు. డివిజన్ అడిగి ఓట్లు లెక్కపెట్టించినా, విప్ జారీ అయితే పార్టీ చెప్పినట్టు చెయ్యెత్తాల్సిందే, 1985లో పదో షెడ్యూల్ వచ్చాక కాదంటే పదవికే ఎసరు. అందుకని మన ఎమ్మెల్యే ఓటు చూసి ఆయన మనసు తెలుసుకోవడం కుదరదు. ఆయన సభలో ఏ ప్రశ్నలు వేశారో చూడండి, దానికి విప్ ఉండదు. మీ పీహెచ్‌సీలో డాక్టరు పోస్టు ఎన్నాళ్ళు ఖాళీగా ఉంది, అంగన్‌వాడీకి సొంత బిల్డింగు ఎప్పుడు అని అడిగిన ఎమ్మెల్యేకి నేను మార్కులేస్తాను. ఆరోగ్యశ్రీ అయితే 2007లో వై.యస్. ప్రభుత్వం పెట్టింది, తర్వాత వచ్చిన వాళ్ళు పేరు అటూ ఇటూ మార్చారు, లిమిట్ పెంచారు, తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలైంది. ఫ్లెక్సీ కట్టినాయన్ని ఒకటే అడగండి, ఆసుపత్రులకి బకాయిలు ఎంత ఉన్నాయి అని. పథకం పేరు అందరికీ నోరు తిరుగుతుంది, బకాయి లెక్క దగ్గర నత్తి వస్తుంది.

ప్రశ్న (ఇర్వింగ్ పాఠకురాలే, రెండో ఉత్తరం): మాస్టారూ, అప్పుడు లోటు కాబట్టి కోశారు. మరి ఈమధ్య డబ్బు మిగిలింది అంటున్నారుగా, అప్పుడేం చేశారు?

జవాబు: మంచి లెక్క పట్టారు. 2023 జనవరిలో కంప్ట్రోలర్ చెప్పిన మిగులు 32.7 బిలియన్, ఇరవై ఏళ్ళల్లో ఎంత తేడా చూడండి. అందులో పెద్ద భాగం ఇంటి పన్ను తగ్గించడానికి వెళ్ళింది, స్కూల్ టాక్స్‌లో హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతింట్లో ఉండేవాళ్ళకి ఇంటి విలువలో పన్ను పడని భాగం) 40,000 నుంచి 1,00,000కి, మళ్ళీ 2025 నవంబరు ఓటుతో 1,40,000కి పెరిగింది. మనలాంటి ఇల్లున్నవాళ్ళకి పండగే, నేనూ పుచ్చుకున్నాను, కాదనను. అద్దె ఇంట్లో ఉన్న ఆ గ్యాస్ స్టేషన్ అబ్బాయిలాంటి వాడికి నేరుగా ఒరిగిందేమీ లేదు.

పిల్లల వైపు కొంచెం కొంచెం. డైపర్ల మీదా, పిల్లల తుడుపు వైప్స్ మీదా సేల్స్ టాక్స్ 2023 సెప్టెంబరు నుంచి ఎత్తేశారు. కాన్పయిన తల్లికి మెడికెయిడ్ ఏడాది పాటు ఇచ్చే హెచ్‌బీ 12 పాసైంది, దాన్ని రాసింది డాలస్ రెప్ టోనీ రోజ్. మెడికెయిడ్‌ని పెద్దవాళ్ళకి విస్తరించడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. కోవిడ్ రోజుల్లో మెడికెయిడ్ కార్డులు వాటంతట అవే నడిచేవి, 2023లో ఆ ఏర్పాటు ఆగిపోయి మళ్ళీ రిన్యువల్ కాయితాలు మొదలయ్యేసరికి టెక్సాస్‌లో బోలెడంతమంది పిల్లలు లిస్టులోంచి జారిపోయారు, అర్హత లేక కొందరు, కాయితం అందకో నింపకో చాలామంది. మళ్ళీ ఆ కవరే అన్నమాట. ఇన్సూరెన్స్ లేని పిల్లల శాతంలో మనది ఏళ్ళ తరబడి దేశంలోనే మొదటి స్థానం. కాబట్టి ఈసారి మీ గుమ్మానికి వచ్చే క్యాండిడేట్‌ని డైపర్ టాక్స్ గురించి అడక్కండి, దానికి అందరూ నవ్వుతూ జవాబు చెప్తారు, రిన్యువల్ ఎన్ని నెలలకోసారి ఉండాలంటారు అని అడగండి, ముందు ప్రశ్న అర్థమైందో లేదో చూడండి.

వచ్చే నెలకి రాసేవాళ్ళకి ఒక మాట. ప్రాపర్టీ టాక్స్ బిల్లు ఫొటో పంపి వివరం అడిగేవాళ్ళు అడ్రసూ అకౌంటు నంబరూ నల్లగా కొట్టేసి పంపండి. పోయిన నెల ఒకాయన అవి రెండూ జాగ్రత్తగా ఉంచి, తన పేరు ఒక్కటే కొట్టేసి పంపారు.